సింహానికి సమాన ధర

"పక్క రాష్ట్రంలో అడుగుపెడితే మనకి గౌరవం లేదు! దీన్ని ఇక సహించను!" అని అమెరికాలోని మా అరోరా ఊరి తెలుగు సమితి అధ్యక్షులు లక్ష్మీకాంతం గారు ప్రకటించారు. ఆ రోజు ఎజెండాలో పిక్నిక్ ఒక్కటే ఉంది. అయినా అందరం చప్పట్లు కొట్టాం.

సంగతేమిటంటే, పడమటి కొండల్లో ఒక రాష్ట్రం ఉంది. అక్కడ మౌంటెన్ లయన్‌ని, అంటే కొండ సింహాన్ని, వేటాడాలంటే లైసెన్సు కావాలి. అక్కడివాళ్ళకి నలభై డాలర్లు, బయటివాళ్ళకి ఆరువందలు. ఈ అన్యాయం అధ్యక్షుల వారికి ఫోన్లో ఏదో వీడియో చూస్తుంటే తెలిసింది. అప్పట్నుంచి ఆయనకి నిద్ర లేదు.

కోశాధికారి నాగమల్లేశ్వరి గారికి ఓ సందేహం వచ్చింది. "మనలో వేటాడేవాళ్ళు ఎవరున్నారండీ?"

"ప్రశ్న అది కాదమ్మా. వేటాడాలనుకుంటే మనకి హక్కుందా, లేదా?"

"మీరు బొద్దింకని చూసినా సోఫా ఎక్కుతారని జ్ఞానప్రసూన చెప్పింది."

జ్ఞానప్రసూన గారు అధ్యక్షుల సతీమణి. ఆయన ఏమాత్రం తొణకలేదు. "బొద్దింకకి లైసెన్సు అక్కర్లేదు. అది వేరే ఇష్యూ."

ఇంత క్లారిటీ ఉన్న నాయకుడు దొరకడం మా అదృష్టం. కార్యదర్శిని కాబట్టి టిక్కెట్లు నేనే బుక్ చేశాను.

లైసెన్సు ఫీజుల మీద అక్కడి వన్యప్రాణి బోర్డు బహిరంగ విచారణ పెట్టింది. అధ్యక్షుల వారు ఆకులూ కొమ్మలూ అచ్చేసిన వేటగాళ్ళ జాకెట్టు కొని, వేసుకుని వచ్చారు. అది వేసుకుంటే అడవిలో ఎవరికీ కనపడరట. ఎయిర్‌పోర్టులో మాత్రం అందరికీ కనపడ్డారు.

హాల్లో మా పక్కన డేల్ అనే గొర్రెల రైతు కూర్చున్నాడు. మంచి మనిషి. మాకు కాఫీ తెచ్చిచ్చాడు. ఒక సింహం రుచి మరిగి తన గొర్రెల్ని ఎత్తుకుపోతోందని, దానికోసం ఏటా లైసెన్సు కొంటున్నానని చెప్పాడు.

"మరి మీరెందుకు వచ్చారు?" అని అడిగాడు.

"మీలాంటివాళ్ళ కోసమే" అన్నారు అధ్యక్షులు.

ఆయన వంతు వచ్చింది. మైకు అందుకున్నారు. "మనిషిని తినేముందు సింహం ఐడీ అడుగుతుందా? రెసిడెంటా, నాన్ రెసిడెంటా అని చూస్తుందా? సింహానికి లేని తేడా మీకెందుకు? మాకు కావాల్సింది ఒక్కటే, ఈక్వాలిటీ!"

జనం నవ్వారు. దాన్ని ఆయన మద్దతు కింద లెక్కేసుకున్నారు.

బోర్డు అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని, అటూ ఇటూ ఉన్నవాళ్ళతో గుసగుసలాడింది. "మీ వాదన మాకు బాగా నచ్చింది. ఇకమీదట తేడా ఉండదు. అందరికీ ఆరువందలే."

హాల్లో ఒకే ఒక్కరి చప్పట్లు వినిపించాయి. అవి మా అధ్యక్షుల వారివి.

"నా లైసెన్సు ఇంకో నెలలో అయిపోతుంది. ఆరువందలు నేనెక్కణ్ణుంచి తెచ్చేది?" అన్నాడు డేల్.

అధ్యక్షులు అతని భుజం మీద చెయ్యేశారు. "కంగ్రాచ్యులేషన్స్. ఇవాళ్టి నుంచి మనిద్దరం సమానం." విజిటింగ్ కార్డు కూడా ఇచ్చారు.

మరుసటి నెల అరోరాలో ఘనంగా సన్మానం చేశాం. శాలువా కప్పాం. నాగమల్లేశ్వరి గారు మళ్ళీ లేచారు. "ఇంతకీ మనకిప్పుడు ఎంతండీ?"

"ఆరువందలే. కానీ ఇదివరకు అవమానంగా కట్టాలి. ఇప్పుడు గౌరవంగా కట్టొచ్చు."

చప్పట్లు ఆగకముందే ఆయన ఫోన్ మోగింది. డేల్! కృతజ్ఞతలు అందరూ వినాలని అధ్యక్షులు స్పీకర్ ఆన్ చేశారు. ముందు గొర్రెల అరుపులు వినిపించాయి.

"సర్, సింహం నా దొడ్డి కప్పు మీద కూర్చుంది. నా లైసెన్సు నిన్నటితో అయిపోయింది. మా బోర్డుతో ఒక్కసారి మాట్లాడండి సర్. మీరు చెబితే వింటారు."

అధ్యక్షుల వారు శాలువా సర్దుకున్నారు.

"మిస్టర్ డేల్, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీ రాష్ట్రం వ్యవహారాల్లో బయటివాళ్ళం వేలు పెట్టడం మర్యాద కాదు."

ఆ సంస్కారానికి హాలంతా లేచి నిలబడింది. ఆయన ఫోన్ కట్టేసి, పులిహోర వడ్డించమన్నారు.