వ్యాసంలో రెండో పేరా

ఆ రోజు కోడలికి సెలవు. ఇల్లు ఖాళీ అయ్యాక ఒక్క వ్యాసమైనా పూర్తిచేయాలని పొద్దున్నే అనుకుంది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆమెకు పైచదువుకు సీటు రావాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. వినడం, చదవడం, మాట్లాడడం నల్లేరు మీద నడకే. రాయడం దగ్గరే కిందటిసారి పడవ మునిగింది. కలం పట్టుకుంటే చాలు, మనసు దూదిపింజలా ఎటో ఎగిరిపోయేది. మొదటి పేరా అయ్యేసరికి గంట కొట్టేవారు.

కోచింగ్ మాస్టారు ఒక చిట్కా చెప్పారు. ముందు ఆలోచనను మన మాటల్లోనే పైకి చెప్పుకోవాలట, ఉదాహరణలు సొంత ఇంట్లోంచే ఏరుకోవాలట, ఇంగ్లీషు సంగతి ఆ తర్వాత. ఇచ్చిన విషయం: పెద్దవాళ్ళు పిల్లలతో ఉండాలా, వేరుగా ఉండాలా? రెండు వైపులా వాదించి, చివర్లో తన అభిప్రాయం చెప్పాలి.

భర్త తన కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాడు. అత్తగారు కూరగాయలకు బయల్దేరారు. కోడలు సింకు దగ్గర గ్లాసులు తుడుస్తూ మొదలుపెట్టింది.

"పెద్దవాళ్ళు వేరుగా ఉంటేనే ఇద్దరికీ సుఖం. ఉదాహరణకి మా అత్తగారినే తీసుకుందాం. వేరే ఉంటే టీవీ ఆవిడ ఇష్టం, నిద్ర ఆవిడ ఇష్టం. నా కూరలో ఉప్పు గురించి ఆవిడకి బెంగ ఉండదు, ఆవిడ గురక గురించి నాకుండదు."

ఇక రెండో వైపు చెప్పాలి. సరిగ్గా అప్పుడే కిటికీ తెర గాలికి ఉబ్బి తెరచాపలా లేచింది. గ్లాసులోంచి జారిన ఎండ గోడ మీద నీళ్ళలా కదిలింది. వంటిల్లు మెల్లగా ఒడ్డు వదిలింది. కోడలూ దానితోపాటే వెళ్ళిపోయింది.

సంచి మరిచిపోయి వెనక్కి వచ్చిన అత్తగారు గుమ్మంలో నిలబడి గురక దాకా విన్నారు. సంచి కూడా తీసుకోకుండా, పక్కవీధిలో బట్టలు కుట్టే కూతురింటికి నడిచారు.

ఆడపడుచు మిషను ఆపకుండానే తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ చప్పుడులో అతనికి అమ్మ, గురక, వెళ్ళిపోవడం అన్న మూడు ముక్కలే వినిపించాయి. అవి దుకాణంలో నలుగురి నోళ్ళలో పడేసరికి అమ్మకు ఊపిరాడటం లేదన్న వార్తయింది. ఎవరో అంబులెన్సుకు చెప్పారు. భర్త ఇంటికి పరుగెత్తాడు. చూపు పరీక్ష చేయించుకుంటున్న పెద్దాయన, ముక్కు మీదున్న దుకాణంవారి ఇనప చట్రం తిరిగి ఇచ్చేద్దామని తడుముకుంటూ వెనకాలే వచ్చాడు.

గేటు దగ్గర అంబులెన్సుకు సామాన్ల వ్యాను ఎదురైంది. నువ్వు తగ్గంటే నువ్వు తగ్గంటూ హారన్లు మోగాక గానీ కోడలు ఒడ్డుకు చేరలేదు. అప్పటికే అంబులెన్సు మనిషి, కంటికి కనిపించిన వృద్ధుణ్ణి సోఫాలో పడుకోబెట్టి బీపీ చూస్తున్నాడు. వ్యానులోంచి కూతురితో అత్తగారు దిగారు.

"అమ్మని వెళ్ళిపొమ్మన్నావా?" అక్క చెప్పింది విని భర్త అడిగాడు.

"అది మొదటి పేరా అండీ. రెండోది ఇంకా చెప్పలేదు."

"అయితే ఇప్పుడు చెప్పు."

కోడలు అత్తగారి వైపు తిరిగింది. ఈసారి మనసు ఎటూ ఎగరలేదు.

"పాలు పొయ్యి మీద పెట్టి నేనెటో చూస్తుంటే, అత్తగారు దెప్పకుండా మంట ఆపేస్తారు. ఏం ఆలోచిస్తున్నావని అడక్కుండా నా పక్కన కూర్చునేది ఆవిడొక్కరే. గురక వినబడకపోతే నాకే భయమేసి, లేచి వెళ్ళి చూసొస్తాను."

పెద్దాయన చట్రం తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆడపడుచు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. వ్యాను పంపించేయమన్నాడు భర్త.

అత్తగారు కోడలి చెంప నిమిరారు. "రెండోదీ బావుందమ్మా. కానీ నాకు మొదటిదే నచ్చింది."

కోపంతోనే బయల్దేరానని, నడుస్తూ నడుస్తూ తన టీవీ, తన కిటికీ ఎలా ఉంటాయో ఊహించుకుంటే కోపం కరిగి కల మిగిలిందని ఆవిడ చెప్పారు. కూతురింటి ఎదుట మేడగది చూసి, అద్దెకు తీసుకుంటానని మాటిచ్చేశారు. వ్యాను పిలిపించిందీ ఆవిడే. కొడుకు బతిమాలాడు, కూతురు అలిగింది, కోడలు రెండో పేరా మళ్ళీ మొదటినుంచీ అప్పజెప్పింది. ఆవిడ చిరునవ్వుతో వింటూనే చీరలు మడతపెట్టుకున్నారు.

మర్నాడు కోడలు ఆ వ్యాసాన్ని ఇంగ్లీషులో రాసి చూపిస్తే, మొదటి పేరా ఎవరినీ ఒప్పించేలా లేదని మాస్టారు మార్కులు తగ్గించారు.