‘ఎనిమిది మూలలు’ రెండో భాగం

ఆ ఆదివారం యాసిన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి గిలకలదిండి హార్బరు దగ్గరున్న పాత ఐసు ఫ్యాక్టరీలో కెమెరా పెట్టాలి. పదకొండుకల్లా క్లైమాక్స్ ఫైటు ముగించాలి. పన్నెండింటికి బస్సెక్కి గుడివాడలో పెళ్ళి వీడియోకి అందుకోవాలి.

బందరులో పెళ్ళి వీడియోలు తీసే యాసిన్‌కి సినిమా అంటే ప్రాణం. మూడేళ్ళ క్రితం మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ మీద ‘ఎనిమిది మూలలు’ అని ఒక సినిమా తీశాడు. అందులో హీరో ఒక్కో గుద్దుకు ముందు జీవితం గురించి రెండు నిమిషాలు మాట్లాడతాడు. గుడివాడలో అది మూడు రోజులు ఆడింది. మూడో రోజు హాల్లో ఆపరేటరు ఒక్కడే ఉన్నాడు, అతనూ చూడలేదు.

అయినా యాసిన్ వెనక్కి తగ్గకుండా రెండో భాగం మొదలుపెట్టాడు. ఇనుప పైపులు చాలక ఈసారి ఫైటు జరిగే బోనుకు ఎనిమిది బదులు ఆరు మూలలే వచ్చాయి. కంచె బదులు పాత చేపల వల కట్టారు. హీరో శివ సముద్రంలో చేపల వేటకు వెళ్ళే కుర్రాడు. మొదటి భాగంలో పన్ను విరగ్గొట్టుకుంటే, ఇక సినిమాల జోలికి వెళ్ళనని తల్లి కొండమ్మ ఒట్టు వేయించుకుంది. రెండో భాగం సంగతి ఆమెకు తెలియదు. ఆమెకు తెలియదన్న సంగతి కెమెరామన్ పెద్దిరాజుకు తెలియదు.

“జనం లేరేంటి? ఫైటు చూసేవాళ్ళు కనీసం ముప్పై మందైనా ఉండాలి కదా!” అన్నాడు యాసిన్.

“ఎంతసేపు భాయ్,” అని పెద్దిరాజు హార్బరులో చేపలమ్మే కొండమ్మకు ఫోన్ చేశాడు. “అమ్మా, ఇక్కడ ఐసు ఫ్యాక్టరీలో మీ శివకి ఫైటుంది. గుడ్లవల్లేరాయనతో. ఓ ముప్పై మందిని వెంటబెట్టుకుని తొందరగా రా.”

ఆ తర్వాత అతను షూటింగని కూడా చెప్పాడు. కానీ కొండమ్మ అప్పటికే ఫోను పక్కన పడేసి ఆడవాళ్ళను కేకేస్తోంది.

గుడ్లవల్లేరాయన పేరు శ్యాంబాబు. స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మనిషి భారీగా ఉంటాడు కాబట్టి విలన్ అయ్యాడు గానీ, పిల్లల్ని కూడా అండీ అని పిలిచే రకం. ఇద్దరినీ బోనులోకి పంపి బయట గడియ పెట్టారు. శివ మొహానికి యాసిన్ భార్య రిజ్వానా సీసాలో ఇచ్చిన బీట్‌రూట్ రసం రక్తంలా పూశారు. “యాక్షన్!” అన్నాడు యాసిన్. శ్యాంబాబు శివ మీద కూర్చుని మెడ పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు.

“నా కొడుకుని చంపేత్తన్నాడ్రోయ్!”

కొండమ్మ గడియ లాగింది. తుప్పు పట్టిన గడియ కదల్లేదు. చేపలు కోసే కత్తి తీసింది.

“కట్! కట్!” అని అరిచాడు యాసిన్.

“కోత్తన్నా ఉండవయ్యా!” అంది కొండమ్మ. వల పైనుంచి కిందదాకా ఒక్క ఊపులో చీలిపోయింది. కత్తి అక్కడే పడేసి, ఖాళీ చేపల బుట్ట పట్టుకుని లోపలికి దూకింది.

“అమ్మా, నేను డ్రిల్లు మాస్టార్నండీ!” అంటూ శ్యాంబాబు ఆరు మూలలూ తిరిగాడు. ఆరు మూలల్లోనూ దెబ్బలు తిన్నాడు. కట్ కట్ అని అరుస్తున్నవాడే ఇదంతా చేయిస్తున్నాడనుకుని, మిగతా ఆడవాళ్ళు యాసిన్‌ను గోడకు అదిమి పట్టుకున్నారు. వాళ్ళ భుజాల మధ్య నుంచి అతను కట్ చెబుతూనే ఉన్నాడు. పెద్దిరాజు మాత్రం కెమెరా ఆపలేదు.

సంగతి తేలేసరికి పదకొండున్నరైంది. శ్యాంబాబు మణికట్టు వాచింది. మళ్ళీ తీయడానికి వల లేదు. గుడివాడ నుంచి పెళ్ళివారు ఫోను మీద ఫోను చేస్తున్నారు.

“మీ మూలంగా నా సినిమా సర్వనాశనమైంది. చేపలమ్ముకునేవాళ్ళకి సినిమా విలువ ఏం తెలుస్తుంది!” అన్నాడు యాసిన్ కొండమ్మతో. ఆమె కిందపడ్డ బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

“భాయ్, తీసిందంతా ఒకసారి చూద్దాం,” అన్నాడు పెద్దిరాజు.

“నువ్వే చూసుకో. పేరు కూడా నీదే వేసుకో.” అంతటితో ఊరుకోక, ఆ సినిమాతో తనకు ఏ సంబంధమూ లేదని ఫోనులో స్టేటస్ కూడా పెట్టాడు.

పెద్దిరాజు రెండు నెలలు కూర్చుని ఎడిటింగ్ చేశాడు. జీవితం గురించిన మాటలన్నీ తీసేశాడు. కొండమ్మనూ శ్యాంబాబునూ అడిగి ఒప్పించి, ఆ ఉదయం జరిగింది జరిగినట్టు ఉంచాడు. చూడ్డానికి రమ్మని యాసిన్‌ను మూడుసార్లు పిలిచాడు. “వెళ్ళి చూసి రండి, పోయేదేముంది?” అంది రిజ్వానా. యాసిన్ వెళ్ళలేదు.

గుడివాడలో సినిమా మూడు వారాలు ఆడింది. అవనిగడ్డ నుంచి, మోపిదేవి నుంచి జనం ఆటోలు కట్టుకుని వచ్చారు. పెళ్ళిళ్ళలో వీడియో తీస్తుంటే ఎవరో ఒకరు యాసిన్‌ను పలకరించేవాళ్ళు. “మొదటిది మీరే కదండీ తీసింది? రెండోది చూశారా? ఎంత బాగుందో!”

చివరికి మూడో వారంలో యాసిన్ రిజ్వానాను తీసుకుని వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాడు. వల చీలగానే హాలంతా ఈలలు. తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. తెర మీద కొండమ్మ కొడుకు మొహానికున్న ఎర్రరంగును పైట చెంగుతో తుడుస్తోంది.

“నాకెందుకు చెప్పలేదురా?”

“నాకు బాగా వచ్చింది ఇదొక్కటేనమ్మా. చెప్తే నువ్వు వద్దంటావు గానీ చూడ్డానికి రావని.”

“చెప్తే రానా?”

ఆ రోజు యాసిన్ పది అడుగుల దూరంలో ఉన్నాడు. అరుస్తూ ఉండటం వల్ల ఇదేదీ వినలేదు. ఇన్నేళ్ళుగా తాను కాగితాల మీద రాసి రాసి తేలేకపోయింది తన కళ్ళ ముందే జరిగింది. దానికి తానే కట్ చెప్పాడు. రిజ్వానా చెయ్యి పట్టుకుంటే గానీ తాను ఏడుస్తున్నట్టు అతనికి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే హార్బరుకు వెళ్ళాడు. ముందుగా పెద్దిరాజుకు చెప్పాలనుకున్న మాటలు ఫోన్లోనే చెప్పేశాడు. కొండమ్మకు చెప్పాల్సినవి మాత్రం ఎదురుగా నిలబడే చెప్పాలనిపించింది.

“కొండమ్మ గారూ, ఆ రోజు నోరు జారాను. మీ పని తక్కువ చేసి మాట్లాడాను. చాలా తప్పండీ.”

కొండమ్మ చేపల మీద ఐసు సర్దుతూ తలెత్తింది. “ఆ మాటకి రెండ్రోజులు అన్నం సయించలేదు బాబూ. ఇప్పుడు పోయిందిలే.” అతని మొహం చూసి జాలి పడినట్టుంది. “నీ మొదటి సినిమా నా ఫోన్లో ఉంది తెలుసా? మనసు బాగోనప్పుడల్లా పెట్టుకుంటా.”

యాసిన్ ఒక అడుగు ముందుకేశాడు. “నిజంగానాండీ?”

“నిజం బాబూ. రెండో గుద్దు పడకముందే నిద్ర పట్టేత్తది.”

మూడేళ్ళలో ఆ సినిమాకు దక్కిన మొదటి మెప్పు కావడంతో, యాసిన్ చేతులు జోడించి థాంక్సండీ అన్నాడు.