ఆరో మంచం ఏ విభాగం?

మనిషి ఇంట్లో ఎన్ని రకాలుగానైనా ఉండవచ్చు గాని, గ్రంథాలయంలో మాత్రం ఒక్కటే అయి ఉండాలి. ఈ మహాసత్యాన్ని కనుగొన్నది మా వర్గీకరణాధికారి గారు. దాని ప్రకారం బతికి ఉన్న ప్రతి రచయితా నెలాఖరులోగా చేయవలసిన పనులు ఇవి. ఒకటి, తాను కథకుడో కవో ఆధ్యాత్మికుడో తేల్చుకోవాలి. రెండు, తేల్చుకున్నట్టు ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించాలి (సాక్షులు ఆ పుస్తకాలు చదివి ఉండనక్కర్లేదు, చదివితే పక్షపాతం వచ్చే ప్రమాదం ఉంది). మూడు, విభాగానికి తగిన ఫొటో ఇవ్వాలి. నవలాకారులు కిటికీ వైపు చూడాలి, కవులు చెంపకు చెయ్యి ఆనించాలి, ఆధ్యాత్మికులు కళ్లు మూసుకోవాలి. నాలుగు, ఎంచుకున్న విభాగంలో ఇమడని తమ పుస్తకాలను ఇంటికి తీసుకుపోవాలి. తీసుకుపోనివి గుజ్జు చేయడానికి కాగితం మిల్లుకు వెళతాయి.

నేను ఆ గ్రంథాలయంలో జాబితా సహాయకుణ్ణి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కరెంటు బిల్లు వచ్చినా మా అమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి, "ఏం రాశారో చూడరా" అని నాకే ఇస్తుంది. అందుచేత అచ్చయిన ప్రతి నిబంధన మీదా నాకు గౌరవం ఎక్కువ. రాసినవాళ్లూ చదువుకున్నవాళ్లే కదా అని.

ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. మా కంప్యూటరులో విభాగాలు అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి అన్నిటికంటే ముందు ఆధ్యాత్మికం వస్తుంది. ఎవరైనా విభాగం ఎంచుకోవడం మరిచిపోతే ఆ పుస్తకం తనంతట తానే ఆధ్యాత్మికమైపోతుంది. కొళాయి మరమ్మతు ఇంట్లోనే ఎలా చేసుకోవాలో చెప్పే పుస్తకం ఒకటి రెండేళ్లుగా అక్కడే ఉంది. (తీసుకెళ్లిన ముగ్గురూ అభిప్రాయాల పుస్తకంలో మనశ్శాంతి కలిగిందనే రాశారు.) ఇలాంటి గందరగోళాన్ని అరికట్టడానికే అధికారి గారు రచయితలను అరికట్టారు.

అందరూ తేల్చుకున్నారు, ఒక్క నర్సమ్మ గారు తప్ప.

ఆవిడ పెద్దాసుపత్రిలో ముప్ఫై ఎనిమిదేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. నాలుగు నవలలు, మూడు కవితా సంపుటాలు, ధ్యానం గురించి రెండు పుస్తకాలు రాశారు. తొమ్మిదింటినీ సంచిలో వేసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మా మెట్లెక్కి వచ్చారు. అధికారి గారు కుర్చీ చూపించి, మర్యాదగానే అడిగారు.

"మీరు ముఖ్యంగా ఏమిటమ్మా?"

"ముఖ్యంగా నర్సునండి."

అధికారి గారు జాబితాను కిందికి జరిపారు, పైకి జరిపారు. నర్సు లేదు. ఆవిడకేసి జాలిగా చూశారు, లేని రోగం తెచ్చుకున్న మనిషిని డాక్టరు చూసినట్టు.

తర్వాత పేజీలు లెక్కపెట్టి, ఏది ఎక్కువైతే ఆవిడ అదేనని నిర్ణయించమని నన్ను ఆదేశించారు. రెండు రోజులు కూర్చుని లెక్కపెట్టాను. నవల నూటికి అరవై ఒకటి, ధ్యానం ఇరవై అయిదు, కవిత్వం పద్నాలుగు. కవిత్వం పేజీల్లో సగం ఖాళీయే కదా, ఆ ఖాళీ ఎవరిదని సందేహం వచ్చింది. ఖాళీ అంతా ఆధ్యాత్మికానికే చెందుతుందని అధికారి గారు తీర్పు చెప్పారు. ఎలా చూసినా ఆవిడ నవలాకారిణి అని తేలింది. కిటికీ వైపు చూస్తూ ఫొటో తెచ్చుకోమన్నాం. మిగతా అయిదు పుస్తకాలూ తీసుకుపోకపోతే మిల్లుకు అన్నాం.

ఆవిడ గొడవ పెట్టుకోలేదు. అయిదింట్లోంచి రెండు తీసి, నవలల్లోంచి ఒకటి తీసి, మూడూ నా బల్ల మీద పెట్టారు.

"ఇవి మూడూ ఒకే మనిషి గురించి నాయనా. ఆడవాళ్ల వార్డులో ఆరో మంచం. ఎలా వచ్చిందో రాస్తే నవల అన్నారు. మేం మాట్లాడుకున్నవి రాస్తే కవిత్వం అన్నారు. ఎలా వెళ్లిపోయిందో రాస్తే ధ్యానం అన్నారు. పేర్లు పెట్టింది నేను కాదు. వీటిని విడదీస్తే మనిషి మిగలదు."

ఆ మూడూ నేను చదివాను (లెక్కపెట్టేటప్పుడు కళ్లు అక్షరాల మీద పడతాయి, దీనికి నిబంధనలో నిషేధం లేదు). ఆరో మంచం మనిషికి ఎవరూ లేరు. రోజూ సాయంత్రం చూడవచ్చే వేళకి తలుపు వైపే చూసేది. నర్సమ్మ గారు డ్యూటీ దిగగానే యూనిఫాం మార్చి, మామూలు చీర కట్టుకుని, గేటు బయటికి వెళ్లి, చూడవచ్చినవాళ్ల వరుసలో నిలబడి లోపలికి వచ్చేవారు. గేటు దగ్గర రిజిస్టరులో బంధుత్వం అడిగితే చెల్లెలు అని రాసేవారు. నలభై ఒక్క రోజులు అలా వచ్చారు. ఆరో మంచానికి మొదటి రోజే సంగతి తెలుసు. ఆలస్యంగా వచ్చావేమే అని చెల్లెల్ని దెబ్బలాడేది.

నేను నిబంధనలు మొదటినుంచీ మళ్లీ చదవసాగాను. పద్నాలుగో నిబంధనలో దారి దొరికింది. కీర్తిశేషులైన రచయితలకు విభాగం అక్కర్లేదు. వారి పుస్తకాలన్నీ సమగ్ర సాహిత్యం పేరిట ఒకే బీరువాలో ఉంచవచ్చు. పోయినవాళ్లు మరో రకం పుస్తకం రాసి ఇబ్బంది పెట్టరన్నది దీని వెనక ఉన్న దూరదృష్టి.

ఈ సంగతి నర్సమ్మ గారికి చెప్పాం. "అంటే నేను పోతే అన్నీ ఒకచోట పెడతారా?" అని అడిగారు.

"తప్పకుండా అమ్మా," అన్నారు అధికారి గారు. "తొందరేం లేదు, నెలాఖరు దాకా టైముంది."

అధికారి గారు భోజనానికి లేచాక ఆవిడ నా వైపు తిరిగారు. "రాసెయ్యి నాయనా. నా సర్వీసులో చావు కాగితాలు ఎన్నో నింపాను. నాదొకటి ఎక్కువా?"

ఫారం తెరిచాను. జీవించి ఉన్నారా అన్నచోట లేరు అని నొక్కాను. ఆధారం అడగలేదు. (బతికి ఉన్నట్టు నిరూపించడానికి మూడు కాగితాలు కావాలి, పోయినట్టు చెప్పడానికి మాట చాలు.) తర్వాత, సమాచారం ఇచ్చినవారి బంధుత్వం అడిగింది. పాఠకుడు అని కొడితే ఎర్రగీత వచ్చింది. ఇంతవరకూ నేను ఏ ఫారంలోనూ అబద్ధం రాయలేదు.

"రాయి," అన్నారు ఆవిడ. "రిజిస్టర్లు ఏమీ అనుకోవు."

కొడుకు అని రాశాను. ఫారం తీసుకుంది.

అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. అధికారి గారు సంతాప సభ పెట్టారు. దివంగత రచయిత్రి ఏ ఒక్క చట్రంలోనూ ఇమడని విశాల ప్రతిభ గలవారని, అదే ఆవిడ గొప్పతనమని పావుగంట మాట్లాడారు. నర్సమ్మ గారు రెండో వరుసలో కూర్చుని విన్నారు. హాజరు పట్టీలో సంతకం పెట్టమంటే పెట్టారు. అధికారి గారు ఆవిడను గుర్తుపట్టి, వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పారు.

తొమ్మిది పుస్తకాలకూ గాజు బీరువా వచ్చింది. ఆరో మంచానివి మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మర్నాడు నర్సమ్మ గారు వచ్చి కవిత్వం ఒకసారి చూసుకుంటానన్నారు. ఆవిడ కార్డు పనిచేయలేదు. పోయినవారి కార్డులు వెంటనే రద్దవుతాయి. నా కార్డు పెట్టి చూశాను. సమగ్ర సాహిత్యం ఎవరికీ ఇవ్వబడదని, గౌరవార్థం బయటినుంచి మాత్రమే చూడవచ్చని పదిహేనో నిబంధన ఉందట. ఆ పేజీ నేను తిప్పలేదు. చదువుకున్నవాణ్ణి, పద్నాలుగు దగ్గరే సంతోషపడి ఆగిపోయాను.

తాళం అధికారి గారి దగ్గరుంది. ఆయన బదిలీ అయ్యారు.

అందుకని ఇది చదివినవారికి ఒక మనవి. ఆడవాళ్ల వార్డులో ఆరో మంచం మీది మనిషిని గుర్తుంచుకోండి. సాక్షులూ ఫొటో అక్కర్లేదు. ఎవరైనా బంధుత్వం అడిగితే మాత్రం, ఏదో ఒకటి రాసెయ్యండి.