మా మేనత్తకు టచప్

దేవుడు మనుషుల్ని చేశాడు గానీ, ఫినిషింగ్ ఇవ్వడం మర్చిపోయాడు! ఆ మిగిలిపోయిన పనిని ఇప్పుడు కంప్యూటర్లు పూర్తి చేస్తున్నాయి. ఫోటోలు దిద్దడం మోసమని గొణిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్నది ఉన్నట్టు చూపించడానికి ఇంట్లో అద్దం లేదా? మళ్ళీ ఫోటో కూడా అదే పని చెయ్యాలా?

మా ఆవిడ తమ్ముడు ఈ విద్యలో ఆరితేరినవాడు. సొంత స్టూడియో ఉంది. అందరూ వాణ్ణి టచప్ అంటారు, నేనూ అంతే. నా ఆఫీసు కార్డు ఫోటోలో వాడు మొలిపించిన జుట్టు చూసి మా ఆవిడ నాతో రెండోసారి ప్రేమలో పడింది. గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం, "పొరపాటున మీ అబ్బాయి కార్డు తెచ్చేశారు సార్, వెళ్ళి మీది తెచ్చుకోండి" అన్నాడు. ఆ పూట సెలవు కలిసొచ్చింది. ఇది వరం కాక మరేమిటి?

మా తోడల్లుడితో మాటపట్టింపు వచ్చినప్పుడు, టచప్ ఆయన్ని గ్రూప్ ఫోటోలోంచి నొప్పి తెలియకుండా తీసేశాడు. మా వదినగారి భుజం మీద ఆయన చెయ్యి మాత్రం ఉండిపోయింది. ఆ చెయ్యి ఎవరిదని చుట్టాలు ఇప్పటికీ ఆరా తీస్తూనే ఉన్నారు.

ఇక అక్షరాలంటారా! ఉత్త నల్లటి అక్షరాలు ఎవరిక్కావాలి? పళ్ళ డాక్టరుగారి బోర్డుకు మావాడు రక్తం కారే ఎఫెక్ట్ పెట్టాడు. రోడ్డవతల నుంచి చూడగానే సగంమందికి పంటినొప్పి తగ్గిపోతోంది. ఇంత సులువైన వైద్యం ఇంకెక్కడుంది?

వాడి అసలు ప్రతిభ మొన్న బయటపడింది. మా మేనత్తకు ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. పొద్దున కూరగాయలకని సంచి పట్టుకుని వెళ్ళిన మనిషి మధ్యాహ్నమైనా రాలేదు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే.

పోస్టరు బాధ్యత టచప్ తీసుకున్నాడు. తప్పిపోయినంత మాత్రాన మనిషిని ఎలా పడితే అలా చూపిస్తామా? ముడతలు తీసేశాడు. జుట్టు నల్లబరిచాడు. చెంప మీది శనగగింజంత పుట్టుమచ్చను మరకనుకుని తుడిచేశాడు. వెనక జలపాతం దూకించాడు. పైన "తప్పిపోయింది" అని మెరుపులు చిమ్మే బంగారు అక్షరాలు. కింద నా ఫోన్ నంబరుకు భగభగమండే మంటలు!

"మంటలెందుకురా?" అన్నాను.

"అర్జెంటు కదా బావా, ఆ ఫీల్ రావద్దూ?"

గోడలన్నీ నిండిపోయాయి. పోలీసాయన పోస్టరు చూసి, "ఈ అమ్మాయి సినిమాల్లో చేస్తుందా?" అని అడిగాడు. ఒక పెద్దమనిషి స్టూడియోకే వచ్చి, పిల్ల దొరికాక తమవాడికి సంబంధం మాట్లాడతారా అన్నాడు. నా ఫోన్ మాత్రం ఒక్కసారి కూడా మోగలేదు. అది చేతిలో పట్టుకుని నేను వీధివీధీ తిరిగాను. ఆవిడ ఏ బండి కిందో పడి ఉంటుందన్న భయం నన్ను వదల్లేదు.

చీకటి పడుతుండగా బస్టాండులో కనిపించింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, సరిగ్గా మా పోస్టరు కిందే బెంచీ మీద కూర్చుని ఉంది. చుట్టూ జనం వస్తున్నారు, పోస్టరు చూస్తున్నారు, ఆవిణ్ణి కాస్త జరగమంటున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"వచ్చావా? ఇటు చూడరా, ఎవరింటి పిల్లో తప్పిపోయిందట పాపం!" అంది పోస్టరు చూపిస్తూ. "ఫోన్ చేయిద్దామని వచ్చినవాళ్ళందర్నీ అడుగుతున్నా. ఆ మంటల్లో నంబరు ఎవరికీ కనపడి చావట్లేదు. నువ్వన్నా చదువు."

కళ్ళు తుడుచుకుని చూశాను. అది నా నంబరే, అయినా చదవలేకపోయాను.

"ఆ పిల్ల దొరికిందిలే అత్తా, ఇంటికి పోదాం పద" అన్నాను.

"అమ్మయ్య!" అని లేచి నా చెయ్యి పట్టుకుంది. నాలుగడుగులు వేసి, ఆగి, మళ్ళీ ఆ పోస్టరు వైపు చూసింది.

"అయినా ఫోటో అంత ముద్దుగా దిద్దుకున్నవాళ్ళు, బయటికి పంపేటప్పుడు ఆ పిల్లకి తోడుగా ఒక మనిషిని పంపొద్దట్రా?"