కుంటినందుకు కూలి

ఒక పెద్ద అడవిలో ముళ్లకేం కొదవ చెప్పండి! తుమ్మముల్లు, రేగుముల్లు, బలుసుముల్లు, అవి చాలవన్నట్టు నేలమీద పాకే పల్లేరుకాయలు. పక్షులు పైన ఎగురుతాయి, పాములకి కాళ్లే లేవు, వాటి సంగతి వదిలేద్దాం. కాలంటూ ఉన్న ప్రతి జీవికీ ఎప్పుడో ఒకప్పుడు ముల్లు దిగాల్సిందే.

ఆ అడవిలో ఏదులమ్మ అని ఒక ముళ్లపంది ఉండేది. వయసు మళ్లింది. మొగుడు పోయాడు. పళ్లు అరిగాయి, గోళ్లు అరిగాయి, నేల తవ్వి దుంప తీసుకునే ఓపిక తగ్గింది. ఒంటిమీది ముళ్లు మాత్రం నిన్న మొలిచినట్టు నిగనిగలాడుతున్నాయి.

ఒకనాడు వాగులో నీళ్లు తాగుతూ తన నీడ చూసుకుంది. "ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు. ఎవరికి ముల్లు దిగినా ఇంకో ముల్లు కోసం కుంటుకుంటూ వెతుకుతారు. నేనేమో వీపునిండా ముళ్లు మోసుకు తిరుగుతూ తిండికి ఏడుస్తున్నాను. ఇన్నాళ్లూ నా బుద్ధి ఏ గడ్డి మేసిందో!" అనుకుంది.

అంతే, కొట్టు పెట్టాలని నిశ్చయించుకుంది. ముల్లు తీసే కొట్టు. ముల్లుకి ఒక దుంప.

వాగు ఒడ్డున మద్దిచెట్టు కింద చోటు అడగడానికి పంచాయతీ పెద్ద దగ్గరికి వెళ్లింది. పంచాయతీ పెద్ద ఒక అడవిదున్న. పేరు బసవప్ప. ఏది అడిగినా ముందు నెమరు వేస్తాడు, తర్వాతే మాట్లాడతాడు. నెమరు వేస్తున్నంతసేపూ ఆలోచిస్తున్నాడని అందరి నమ్మకం.

"చోటుకేం, ఇస్తాను," అన్నాడు చివరికి. "కానీ ఆ చోటు బురదగుంటకి కావాలని అడవిపంది కూడా అడుగుతున్నాడు. వానలు మొదలయ్యేలోగా నీ కొట్టుకి గిరాకీ కనిపించాలి. లేదంటే చోటు వాడిది."

ఏదులమ్మ సరేనంది. వాగులోంచి ఒక బల్లపరుపు రాయి దొర్లించుకొచ్చింది, కాలు పెట్టుకోవడానికి. పసుపు కొమ్ము అరగదీసి ఆకులో పెట్టుకుంది. వీపుమీది ముళ్లలో సన్నని మొన ఉన్నది ఏరుకుంది. ఎదురు చూస్తూ కూర్చుంది.

మొదటి బేరం కొండగొర్రె. మూడు కాళ్లమీద వచ్చాడు. ఏదులమ్మ అటు తిరగమంది, ఇటు చూడమంది, మాటల్లో పెట్టి ముల్లు ఇవతలికి లాగేసింది. తీసినట్టు అతనికి తెలియనే లేదు. దుంప ఇచ్చి, నాలుగు కాళ్లతో గంతులేసుకుంటూ పోయాడు.

"ఇతను పదిమందికి చెబుతాడు, ఆ పదిమంది వందమందికి చెబుతారు," అని ఏదులమ్మ సంబరపడిపోయింది.

ఎవరూ రాలేదు. కొన్నాళ్లకి కొండగొర్రె దారిలో కనబడితే ఉండబట్టలేక అడిగింది. "ఏం నాయనా, నీ ముల్లు సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఏ ముల్లు?" అన్నాడతను.

ఏదులమ్మకి కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. కుంటే కాలు అడవంతా చెప్పుకు తిరుగుతుంది. నయమైన కాలు నోరు మెదపదు! ఇదెక్కడి విడ్డూరం?

ఆ విడ్డూరం గురించి ఆలోచిస్తూ కూర్చున్న సమయానికి జంబయ్య వచ్చాడు. జంబయ్య నక్క. ఒకసారి ఊరి పొలిమేర దాకా వెళ్లి కుక్కలు తరిమితే తిరిగొచ్చాడు. అప్పటినుంచీ అడవిలో అందరికీ వ్యాపారం నేర్పుతున్నాడు.

"పిన్నీ! నీ కొట్టుకున్న లోపం ఏమిటో తెలుసా?"

"ఈగలు ఎక్కువ."

"కాదు. జనం లేరు. జనం లేని చోటికి జనం రారు."

"మరి జనం రావాలంటే ఏం చేయాలి నాయనా?"

"ముందు జనం ఉండాలి."

ఏదులమ్మ ఆ మాట మనసులో రెండుసార్లు అనుకుని చూసింది. రెండుసార్లూ అర్థం కాలేదు. అర్థం కాలేదంటే చాలా గొప్ప మాటే అయుంటుందని తల ఊపింది.

"దీన్ని పబ్లిసిటీ అంటారు," అన్నాడు జంబయ్య. "నీ దగ్గర పెట్టుబడి ఏపాటి ఉంది?"

ఏదులమ్మ అతన్ని బొరియ దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. ఓపిక ఉన్న రోజుల్లో తవ్వి దాచుకున్న దుంపలు, చిన్న కుప్ప. వానాకాలమంతా ఆ కుప్పే ఆధారం.

"ఇంతేనా!" అని జంబయ్య పెదవి విరిచాడు. "సరే, నీలాంటి బీదవాళ్లకి చవకలో ఒక పథకం ఉందిలే. ఇందులో సగం నా సలహాకి. మిగతా సగం కోతులకి కూలి."

"మరి వానాకాలం నేనేం తినాలి?"

"గిరాకీ పిన్నీ! గిరాకీని తింటావు!"

కోతుల మేస్త్రీ పేరు కొమ్మన్న. పని ఏదైనా సరే, కూలి సంగతి తేల్చుకుని గానీ కొమ్మ దిగడు.

"కుంటుకుంటూ వచ్చి కొట్టు ముందు వరసగా నిలబడాలి. చూసినవాళ్లంతా, అబ్బో, ఎంత గిరాకీ అనుకోవాలి. అంతే మీ పని," అని చెప్పాడు జంబయ్య.

"కుడికాలా, ఎడంకాలా?"

"మీ ఇష్టం."

"కూలి రోజుకి లెక్కా, కుంటుకి లెక్కా?"

జంబయ్య తెలివిగా ఆలోచించాడు. రోజు లెక్కంటే నీడన పడి నిద్రపోతాయి. "ఎంత కుంటితే అంత కూలి!" అన్నాడు.

ఇక చూడండి. తెల్లారేసరికి కొట్టు ముందు బారెడు వరస. కోతులు కుంటుతున్న తీరు చూస్తే రాయికి కూడా జాలి పుట్టేది. ఒక్కొక్కటీ వచ్చి రాయిమీద కాలు పెట్టడం, ఏదులమ్మ ముల్లుతో ఊరికే తాకించడం, అది "అబ్బా, అమ్మా" అనడం. ఏదులమ్మకి లోపల సిగ్గుగానే ఉంది. కానీ దాని నటన చూసి ఒక్కోసారి తనకే అనుమానం వచ్చి, నిజంగానే ముల్లుందేమోనని వెతికేది.

అంతా బాగానే ఉంది గానీ, ఒక్క మాట చెప్పడం అందరూ మరిచిపోయారు. వచ్చేటప్పుడు కుంటాలి అన్నారు. వెళ్లేటప్పుడు మానేయాలని ఎవరూ అనలేదు.

పాపం, కోతులు నిజాయితీగల కూలీలు. కుంటుకి కూలి అన్నాక ఊరికే నడిస్తే నష్టం కదా! కొట్టుకి కుంటుతూ వచ్చాయి, కొట్టునుంచి కుంటుతూ వెళ్లాయి. వాగు దగ్గర కుంటాయి, తుమికిచెట్ల కింద కుంటాయి, పెళ్లికి వెళ్లినా కుంటుతూనే అక్షింతలు వేశాయి.

వాగు అవతల కుందేలు చెవులక్క, దుప్పి వదిన నిలబడి చూస్తున్నారు.

"కోతులకి ఏమైంది వదినా? అన్నీ కుంటుతున్నాయి!"

"ఆ ముల్లు తీసే కొట్టుకి వెళ్లొచ్చాయట."

"వెళ్లకముందు ఎలా ఉండేవి?"

"ఇంకెలా? కొమ్మకొమ్మకీ గంతులేసేవి కాదూ!"

చెవులక్క రెండు చెవులూ దించేసుకుంది. ఆమె వెనకకాలిలో నిజంగానే ఒక రేగుముల్లు ఉంది, ఏదులమ్మ దగ్గరికే బయలుదేరింది. "నా ముల్లు నా దగ్గరుంటేనే మేలమ్మా," అని అటునుంచి అటే ఇంటికి పోయింది.

వారం తిరిగేసరికి నిజంగా ముల్లు దిగినవాళ్లంతా కొట్టుకి దూరంగా చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టారు. ఏదులమ్మ లబోదిబోమంటూ జంబయ్య దగ్గరికి పరుగెత్తింది.

"పేరు వచ్చిందా, లేదా?" అన్నాడు జంబయ్య, ఆమె దుంపే నములుతూ.

"చెడ్డపేరు నాయనా!"

"పేరంటూ వచ్చింది కదా పిన్నీ. మంచిదా చెడ్డదా అన్నది తర్వాత చూసుకుందాం."

కొమ్మన్న దగ్గరికి వెళ్లి బతిమాలింది. "ఇక చాలు నాయనా, మామూలుగా నడవండి."

"ఎలా కుదురుతుంది అత్తా?" అన్నాడు కొమ్మన్న. "ఉన్న ఉపాధి పోతే పిల్లలు ఏం తింటారు? పైగా మేం కుంటేవాళ్ల సంఘం పెట్టుకున్నాం. నేనే అధ్యక్షుణ్ణి."

కబురు పంచాయతీకి పోయింది. బసవప్ప అందర్నీ పిలిపించాడు. ఏదులమ్మ మధ్యలో నిలబడింది. కోతులు ఒకవైపు వరసగా కుంటుతూ వచ్చి కూర్చున్నాయి. అడవిపంది అప్పుడే మద్దిచెట్టు కింద గుంట ఎంత లోతు తవ్వాలా అని కళ్లతో కొలుచుకుంటున్నాడు.

"ఏం ఏదులమ్మా," అన్నాడు బసవప్ప నెమరు ఆపి, "కాళ్లు బాగుచేస్తానని చోటు తీసుకుని, అడవిని కుంటిది చేస్తున్నావట?"

ఏదులమ్మ ఏం చెబుతుంది? లేదంటే కోతులు కళ్లముందే ఉన్నాయి. కూలికి కుంటున్నాయంటే మోసం ఒప్పుకున్నట్టే. ఎటు చూసినా ముల్లే! ఒంటినిండా ముళ్లున్నదానికి ముల్లు బాధ ఏమిటో మొదటిసారి తెలిసింది.

అంతలో ఎవరో అరిచారు. "చిరుత! చిరుత!"

కళ్లు మూసి తెరిచేలోగా కోతులన్నీ చెట్టు చిటారుకొమ్మన ఉన్నాయి. అందరికంటే పైన కొమ్మన్న.

చిరుతా లేదు, గిరుతా లేదు. ఎండలో ఊగుతున్న ఆకుల నీడ, మచ్చలుమచ్చలుగా. అందరూ తేరుకుని పైకి చూశారు.

"కుంటివాళ్లు చెట్టెక్కారు," అన్నాడు బసవప్ప మెల్లగా.

ఏదులమ్మ ఇక ఉండలేకపోయింది. "అయ్యా, నిజం చెప్పేస్తాను. వాళ్లకి ముళ్లూ లేవు, గిళ్లూ లేవు. నేనే కూలిచ్చి కుంటించాను!"

జంబయ్య ఒక్క గెంతు గెంతి ముందుకొచ్చాడు. "విన్నారా! ఇంత వైద్యం చేసి కూడా తన గొప్ప లేదంటోంది! ఏమి వినయం! ఆమె మందు నిదానంగా పనిచేస్తుంది. పనిచేసిందంటే మాత్రం ఇదిగో, చెట్టే ఎక్కిస్తుంది!"

అడవంతా చప్పట్లు. నిజం చెబితే నమ్మేవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

మర్నాడు కొట్టు ముందు తిరునాళ్లు. ఈసారి కూలికి కాదు, నిజంగానే వచ్చారు. వచ్చిన చిక్కల్లా, దాదాపు ఎవరి కాళ్లలోనూ ముళ్లు లేవు.

"నీ కాలు నిక్షేపంగా ఉందమ్మా, వెళ్లిరా," అంది ఏదులమ్మ దుప్పి వదినతో.

"అదేంటి! కోతులకి తీశావు, నాకు తీయవా? నా దుంప దుంప కాదా?"

"లేని ముల్లు ఎక్కణ్ణుంచి తీయను తల్లీ?"

"పని రాదని చెప్పు," అని దుప్పి వదిన మూతి తిప్పుకుని పోయింది. ఆమె వెనకే అందరూ పోయారు. చెవులక్క ఒక్కతికే ముల్లుంది, అదీ తీయించుకోకుండానే జనంతో పోయింది. నలుగురితో పాటు నారాయణ అన్నారు కదా.

జంబయ్య ఈ వేడుకంతా దూరంనుంచి చూశాడు. మూడోనాటికి వాగు అవతలి ఒడ్డున కొత్త కొట్టు వెలిసింది. "ముల్లు లేకపోయినా తీస్తాం!" అని కొమ్మన్న చెట్టెక్కి అరుస్తున్నాడు, ఈసారి అరుపుకి లెక్క.

జంబయ్య పనితనం చూసి తీరాలి. ఎడంచేత్తో గబుక్కున బలుసుముల్లు గుచ్చేవాడు, బేరం కెవ్వుమనేది. కుడిచేత్తో లాగి, "చూశారా! లోపల ఇంత ముల్లు పెట్టుకుని లేదంటారేం?" అనేవాడు. ఆ ముల్లు చూసి బేరానికి ఎంత ఆనందమో! చుట్టాలకి చూపించడానికి ఆకులో కట్టుకుని తీసుకెళ్లేవారు. చెవులక్క పాత ముల్లు పాతచోటే ఉంచుకుని, కొత్త ముల్లు ఇంటికి పట్టుకెళ్లింది.

ఏదులమ్మ కొట్టులో మళ్లీ ఈగలే. బొరియలో కుప్ప లేదు, పెట్టిన చోటు మాత్రం ఉంది. పడమటి కొండమీద మబ్బు కమ్మింది.

మొదటి చినుకు పడగానే మద్దిచెట్టు కిందికి బసవప్ప వచ్చాడు. పక్కన అడవిపంది.

"మాట ప్రకారం చోటు ఖాళీ చెయ్యాలి ఏదులమ్మా."

"అలాగే అయ్యగారూ," అంది ఏదులమ్మ. పసుపు ఆకులో మూట కట్టుకుంది. రాయిని ఎత్తే ఓపిక లేదు కాబట్టి ఒకసారి చేత్తో నిమిరి వదిలేసింది. ఈ ముసలి ఒళ్లు ఈ వానల్ని దాటదేమో అనిపించింది. అయినా ఏం అడుగుతుంది, ఎవర్ని అడుగుతుంది?

బసవప్ప కదల్లేదు. నెమరు కూడా వేయలేదు.

"ఏదులమ్మా."

"అయ్యగారూ."

"నేను పంచాయతీ పని మీదే వచ్చాను."

"తెలుసయ్యా."

"వచ్చాను కాబట్టి అడుగుతున్నాను." ఎటో చూస్తూ ముందుకాలు మెల్లగా రాయిమీద పెట్టాడు. కాలు గుమ్మడికాయంత వాచి ఉంది. "అవతలి ఒడ్డున తీయించాను. మొన విరిగి లోపలే ఉండిపోయినట్టుంది. వాన తడికి సలుపుతోంది. ఎవరికీ చెప్పకు."

ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. తల ఎత్తి చూస్తే వానలో బారులు తీరిన వరస. చెవులక్క, దుప్పి వదిన, వాళ్ల వెనక కొండగొర్రె, అందరూ కుంటుతున్నారు. కూలి లేకుండా కుంటుతున్నారు. చివర్న చెట్టు దిగి వచ్చిన కొమ్మన్న కూడా ఉన్నాడు. వాడి కుంటు మాత్రం మునుపటంత అందంగా లేదు.

"నాది కూడా కాస్త చూడక్కా," అని అడవిపంది గొణిగాడు. "బురద ఎక్కడికి పోతుంది, ఇంకోచోట తవ్వుకుంటాను."

ఏదులమ్మ మూట విప్పింది.

ఆ వానాకాలమంతా వరస తెగలేదు. బొరియ నిండి, దుంపలు గుమ్మం బయట కూడా పేర్చింది. జంబయ్య దగ్గర గుచ్చించుకోవడం, ఏదులమ్మ దగ్గర తీయించుకోవడం. అడవికి అదొక ఆచారమైపోయింది. ఆమె పనితనాన్ని మెచ్చుకున్నవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. నయమైన కాలు నోరు మెదపదు కదా.

ఒక సాయంత్రం జంబయ్య డీలాగా వాగు దాటి వచ్చాడు. "పిన్నీ, జనం తగ్గారు. తెలివి వచ్చినట్టుంది. కొట్టు మూసేద్దామనుకుంటున్నాను."

ఏదులమ్మ లోపలికి పరుగున వెళ్లి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద దుంప తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"అంత మాట అనకు నాయనా! కొట్టన్నాక ఓపిక పట్టాలి. కావాలంటే రేపటినుంచి నేనే వచ్చి నీ కొట్టు ముందు కుంటుతాను, కూలి కూడా వద్దు!"

నీతి: మంచి కొట్టుకి ఖర్చులేని ప్రకటన ఒక్కటే, ఎదురుగా ఒక చెడ్డ కొట్టు.