పొర చింపని రసజ్ఞులు

విక్టోరియా రాష్ట్రంలోని వారాబిన్ పట్టణ చలనచిత్ర రసజ్ఞ సమాజం తన పంతొమ్మిదవ వార్షికోత్సవాన్ని జయప్రదంగా ముగించుకొన్నదని, గడచిన సంవత్సరంలో సభ్యులు నాలుగు వందల పన్నెండు చిత్రాలపై అభిప్రాయాలు ప్రకటించారని, వీటిలో ఏ ఒక్క చిత్రాన్నీ ఏ ఒక్క సభ్యుడూ చూడవలసిన అగత్యం కలుగలేదని తెలియజేయడానికి సమాజాధ్యక్షులు శ్రీ క్లెమెంట్ పెన్‌రోజ్ గారు సంతోషిస్తున్నారు.

పెన్‌రోజ్ గారు ముప్పై ఒక్క సంవత్సరాలు పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. తరగతి గదిలో అడుగు పెట్టకుండానే, గేటుకు వేసిన రంగునుబట్టి అందులోని విద్యా ప్రమాణాలను నిర్ణయించగల దక్షత ఆయనకు ఉద్యోగకాలంలోనే అబ్బింది. అంతటి అనుభవం వృథా కావడం న్యాయం కాదు గనుక, డెబ్బయ్యో పడిలో దానిని ఆయన చలనచిత్ర కళకు అంకితం చేశారు.

ఆయన ఇంట మూడు వేలకు పైగా సినిమాల బ్లూరే డిస్కుల పెట్టెలున్నాయి. కారు ఎండలో ఉంటుంది. పెట్టెలు గరాజులో ఉంటాయి. వెన్నుపట్టీల రంగు వెలిసిపోకుండా కిటికీలకు నల్లటి తెరలు వేసి ఉంటాయి. ప్రతి పెట్టె మీదా కంపెనీవారు చుట్టిన సన్నని ప్లాస్టిక్ పొర చెక్కుచెదరక నిలిచి ఉంటుంది. సమాజ నిబంధనావళిలోని నాలుగవ నిబంధన ప్రకారం పొర చిరిగిన పెట్టెను ‘గాయపడిన ప్రతి’ అంటారు. ఆ గాయానికి కారకుడైన వాడిని ఏమంటారో మర్యాదస్థుల సమక్షంలో చెప్పరాదు. ఇంట్లో డిస్కులు ఆడించే యంత్రం పదేళ్ల క్రితం పాడైపోయింది. దానిని బాగుచేయించవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.

చూడకుండా అభిప్రాయం ఎలాగని కొందరు అమాయకులు అడుగుతారు. కొత్త చిత్రం గురించి మొదటి ప్రకటన వెలువడిన గంటలోగా సభ్యులు ఇంటర్నెట్ చర్చావేదికలో తమ తీర్పు నమోదు చేయాలి. చిత్రం విడుదలయ్యేవరకు ఆగితే ఆలస్యమవుతుంది. చూసేవరకు ఆగితే మరీ ఆలస్యమవుతుంది. పెన్‌రోజ్ గారు ముఖ్యంగా పెర్త్ నగరవాసి అయిన ఒక అజ్ఞాత విమర్శకుని అభిప్రాయాలను ప్రమాణంగా స్వీకరించేవారు. ఆ విమర్శకుడు వారాబిన్ సమాజ నివేదికలను చదివి తన అభిప్రాయాలు ఏర్పరచుకొంటాడని ఇటీవల తెలిసింది. ఇద్దరు పెద్దలు ఇంత దూరాన ఉండి ఇంత చక్కగా ఏకీభవించడం కంటె ప్రామాణ్యానికి వేరే నిదర్శనమేమి కావాలి?

ఇట్టి సమాజానికి మొన్నటి శరత్కాలంలో ఒక చిక్కు వచ్చింది. దాని పేరు మెర్ల్ డోనహ్యూ.

మెర్ల్‌ది అదే ఊరు, వయసు డెబ్బయి నాలుగు. యౌవనంలో అరువు కెమెరాతో రెండు చిత్రాలు తీసి, వాటిని ఎవరూ పట్టించుకోకపోవడంతో ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందింది. మెల్‌బోర్న్‌లోని ఒక చిన్న సంస్థవారు ఆమె మొదటి చిత్రాన్ని ఒక్కొక్కదానిపై వరుస సంఖ్య వేసిన అయిదు వందల బ్లూరే ప్రతులుగా విడుదల చేశారు. రెండవ చిత్రం ‘రేకుల కప్పు కింద’ ఒకే ఒక్క ఫిల్ము ప్రింటుగా ఆమె ఇంటి అటకమీద ఉన్నది. దానిని బాగుచేయించడానికి పట్టణ కౌన్సిల్ సాయం చేయదలచింది గాని, కౌన్సిల్ సభ్యులకు కళ విషయంలో తమ అజ్ఞానం తమకు తెలుసు. అందుచేత మొదటి చిత్రంపై రసజ్ఞ సమాజం నివేదిక ఇచ్చిన మీదట రెండవదాని సంగతి తేలుస్తామన్నారు.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పచ్చికమీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బు వెనుక హాలులో సమాజం కొలువు తీరింది. బల్లమీద టీ, కొబ్బరిపొడి అద్దిన లామింగ్టన్ కేకులు, వాటికి సురక్షితమైన దూరంలో తెల్లని గుడ్డమీద మెర్ల్ మొదటి చిత్రపు పదిహేడవ ప్రతి. మెర్ల్ అల్లిక సంచీతో వచ్చి కూర్చుంది.

“ఏం క్లెమ్, చూశారా మరి నా సినిమా?” అన్నది పెన్‌రోజ్ గారితో.

“చూడకేం మెర్ల్!” అన్నది కార్యదర్శిని గ్లెనిస్ హార్కర్. “చేత్తో పట్టుకుని ఆరు వైపులా చూశాం. నేనైతే రెండు కొన్నా. ఒకటి వచ్చినవాళ్లకి చూపించడానికి, ఒకటి ఎవరికీ చూపించకుండా దాచుకోవడానికి.”

“అట్ట గురించి కాదమ్మా తల్లీ. లోపలిది.”

“లోపలిది ఎక్కడికి పోతుందిలే,” అన్నాడు బారీ వుకిచ్. బారీ ఇళ్లకు రేకుల కప్పులు వేసే పనివాడు, సమాజంలో చిత్ర నాణ్యతా నిపుణుడు. “గ్రెయిన్ మాత్రం అదిరిపోయింది మెర్ల్. బొమ్మలోని ఆ సన్నని చుక్కల్లో ఒక్కటి కూడా చెరపలేదు.”

“నీకెలా తెలుసురా?”

“వెనకాల రాశారుగా!”

మెర్ల్ ఒక కేకు ముక్క తీసుకొని నిదానంగా నమిలింది. “చూడండర్రా. రెండోదాని డబ్బా మూత తీస్తే వెనిగర్ కంపు కొడుతోంది, ఫిల్ము కుళ్లుతోందన్నమాట. ల్యాబువాళ్లు ఈ చలికాలం దాటితే తమవల్ల కాదన్నారు. అది పోతే ఇంక లేదు, అంతే. మొదటిది చూసి బాగుంటే బాగుందనండి, చెత్తగా ఉంటే చెత్తనండి, నేనేం ఏడవను. కానీ చూసి అనండి. గంటన్నరే. ఇదిగో, నేనే చింపి ఇస్తా.”

ఆమె అల్లిక సంచీలోనుంచి కత్తెర తీసింది.

తరువాత జరిగినదానిని సమావేశ నివేదికలో ‘స్వల్ప అంతరాయం’ అని నమోదు చేశారు. గ్లెనిస్ కెవ్వుమన్నది. టీ ఒలికింది. పెన్‌రోజ్ గారు తన వయసుకు ఏమాత్రం తగని వేగంతో బల్లమీదికి ఒరిగి పెట్టెను గుండెకు హత్తుకొన్నారు.

“మెర్ల్! అది పదిహేడో నంబరు!”

“అయితే?”

“అయిదు వందల్లో పదిహేడోది!”

“తీసిందాన్ని నేను, నాయనా. ఒకటో నంబరు నా దగ్గరే ఉంది. టీ కప్పు కింద పెట్టుకుంటున్నా, బల్లమీద మరకలు పడకుండా.”

ఈ మాట విని గ్లెనిస్ కుర్చీలో కూలబడింది. ఆమెకు మంచినీళ్లు ఇచ్చిన పిమ్మట అధ్యక్షులు లేచి, కోటు సవరించుకొని, సభనుద్దేశించి ప్రసంగించారు.

“సోదర సోదరీమణులారా! చిత్రాన్ని చూడడం ఎవరైనా చేయగలరు. దానికి రెండు కళ్లు, ఒక కుర్చీ ఉంటే చాలును. చూసినవాడేమవుతాడు? నవ్వుతాడు. కంటతడి పెడతాడు. పక్కవారి చేయి పట్టుకుంటాడు. అట్టి స్థితిలో ఉన్నవాని తీర్పును మనం ఎలా నమ్మగలం? న్యాయమూర్తి నేరస్థలంలో కాపురముండడు. చిత్రానికి దూరంగా ఉండడమే మన నిష్పక్షపాతానికి పునాది!”

పెట్టెలను ముట్టుకోవడానికి వేసుకొన్న చేతి తొడుగులతోనే సభ్యులు చప్పట్లు కొట్టారు. మెర్ల్ కత్తెరను సంచీలో వేసుకొని ఇంటికి పోయింది.

కౌన్సిల్‌కు ఇవ్వవలసిన నివేదిక నలభై ఒక్క పుటలు వచ్చింది. వ్రాస్తున్న రోజులలో ఒక ఉదయం పెన్‌రోజ్ గారు పదిహేడవ ప్రతిని కిటికీ వెలుగులో పరీక్షిస్తూ ఉండగా, పొర అంచు ఒకచోట గోరుకు తగిలేంత లేచి ఉండడం గమనించారు. ఆయన వ్రేలు అక్కడ ఆగింది. మెర్ల్ చెప్పిన గంటన్నర మాట ఎందుకో గుర్తుకు వచ్చింది. గుండె గబగబ కొట్టుకొన్నది. పాఠశాల తనిఖీకి వెళ్లి, వరండాలో నిలబడి, లోపల పిల్లలు దేనికో పగలబడి నవ్వుతుంటే తలుపు తోయబోయి మానుకొన్ననాడు ఒకసారి ఇలాగే కొట్టుకొన్నది. ఆయన లేచి వెళ్లి జిగురు కాగితం తెచ్చి ఆ అంచును అతికించివేశారు.

నివేదికలో పెట్టె మూలల కోణాలకు ఆరు పుటలు, వెన్నుపట్టీ మీది అక్షరాల వంపునకు తొమ్మిది పుటలు కేటాయించారు. నలభయ్యవ పుట అడుగున, న్యాయదృష్టితో, “పెట్టెలో చిత్రం కూడా ఉన్నట్లు విశ్వసనీయ వర్గాల వలన తెలియుచున్నది” అని ఒక వాక్యం చేర్చారు.

కౌన్సిల్‌వారు నివేదికను శ్రద్ధగా పరిశీలించి, సాక్ష్యాధారాల మేరకు నడుచుకొన్నారు. పెట్టె సర్వోత్తమమని రుజువైనందున, రెండవ చిత్రానికి కూడా అటువంటి పెట్టె తయారీకి అయ్యే వ్యయం మంజూరైంది. చిత్రం విషయమై నివేదికలో ఎట్టి సమాచారమూ లేనందున దానికి సొమ్ము ఏర్పాటు చేయుటకు వీలుపడలేదు.

మెర్ల్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి, తగాదా పెట్టుకోకుండా పెట్టెలు చేయించింది. మూడు వందల రేకు పెట్టెలు, అందమైన బొమ్మ, బిగుతైన ప్లాస్టిక్ పొర. ఆమె పాతకాలపు మనిషి. ఎవరినీ మోసగించడం ఇష్టం లేదు. వెనుకవైపున పెద్ద అక్షరాలతో ఇలా అచ్చు వేయించింది: “ఈ పెట్టెలో సినిమా లేదు. ఉన్న ఒక్క ప్రింటూ కుళ్లిపోతోంది. మీరు పెట్టె కొంటే ఆ సొమ్ముతో దాన్ని బతికిస్తాను. — మెర్ల్ డోనహ్యూ.”

మూడు వందలూ అమ్మకానికి పెట్టిన రోజు ఉదయం కాఫీ వేళకల్లా అమ్ముడుపోయాయి.

విమర్శకులు ఏకగ్రీవంగా అయిదు నక్షత్రాలిచ్చారు. వెనుక అట్టమీది వాక్యాలను పెన్‌రోజ్ గారు ‘ఇటీవలి కాలంలో వెలువడిన అత్యంత సాహసోపేతమైన ప్రచార వచనం’గా కొనియాడుతూ, కళాకారిణి తన కృతి ఉనికినే ప్రశ్నించుకొన్న తీరును ప్రత్యేకంగా మెచ్చుకొన్నారు. పెట్టె బరువు తక్కువగా ఉండడం అల్మరాలకు గొప్ప ఊరట అని గ్లెనిస్ వ్రాసింది. బొమ్మలోగాని ధ్వనిలోగాని ఒక్క లోపమైనా తన దృష్టికి రాలేదని బారీ ధ్రువీకరించాడు. పెర్త్ విమర్శకుడు ముగ్గురితోనూ ఏకీభవించాడు. ఫిర్యాదు ఒక్కటే వచ్చింది. అడిలైడ్‌లోని ఒక పెద్దమనిషికి అందిన పెట్టె మూల కొంచెం సొట్టపోయిందట.

ఆ సొమ్ముతో మెర్ల్ ప్రింటును ల్యాబుకు పంపింది. అక్కడ చలికాలమైన ఆగస్టులో, ఒక ఆదివారం మధ్యాహ్నం, అదే బౌల్స్ క్లబ్బు ముందు హాలులో తెర కట్టి, ఉచితంగా ఆడించింది. గోడకు అతికించిన ప్రకటనలో, గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో వంటపని చేసిన ఆడవాళ్ల కథ అని వ్రాసి ఉన్నది. ఉన్ని కత్తిరించి నడుములు వంగిన ముసలివారు, వృద్ధాశ్రమంనుంచి చక్రాల కుర్చీల్లో వచ్చినవారు, బౌల్స్ ఆడడానికి వచ్చి వాన పడడంతో లోపలికి దూరినవారు కలిసి హాలు నిండింది. వీరిలో ఎవరికీ సినిమాలపై అభిప్రాయాలు లేవు.

సమాజం అత్యవసర సమావేశం జరిపింది. చిత్రాన్ని ఇప్పుడే చూస్తే, అల్మరాలో భద్రంగా ఉన్న చిత్రం రుచి చెడుతుందని తీర్మానించి, వాకిట నిలబడి పెట్టెలమీద సంతకాలు తీసుకోవడం వరకు అనుమతించారు. మెర్ల్ అందరికీ సంతకాలు చేసింది.

“లోపలికి రండర్రా, గడ్డకట్టి చస్తారు,” అన్నది.

“మీరు కానివ్వండి మెర్ల్. మేము ఇక్కడ బాగానే ఉన్నాము,” అన్నారు పెన్‌రోజ్ గారు.

తలుపు మూసుకొన్నది. కొంతసేపటికి లోపలినుంచి హాలంతా ఒక్కసారి నవ్విన చప్పుడు వచ్చింది. తరువాత చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో ముక్కు చీదుకొన్నారు.

“బొమ్మ ఏ కొలతలో వేస్తున్నారో,” అన్నారు పెన్‌రోజ్ గారు, ఎవరితోనన్నది లేకుండా.

“ప్రెసిడెంటుగారూ,” అన్నాడు బారీ. “మా అమ్మ ఆ షెడ్డులో వండేది. వీళ్లు తీసిన ఏడాదే.”

“అయితే?”

“కనబడుతుందేమోనని.”

“నీ దగ్గర పెట్టె ఉన్నది గదా, బారీ!”

“ఉంది.”

“మరి?”

బారీ తొడుగులు విప్పాడు. తన పెట్టెను, చేతి తొడుగులను అధ్యక్షుల చేతిలో పెట్టి లోపలికి పోయాడు.

గంట తరువాత ఎర్రబడిన కళ్లతో బయటికి వచ్చాడు. సభ్యులు చుట్టుముట్టారు.

“గ్రెయిన్ ఎలా ఉంది బారీ?” అన్నది గ్లెనిస్.

“చూళ్లేదు.”

“రంగులెలా ఉన్నాయి?”

“ఏమో. మా అమ్మ పిండి పిసుకుతోంది. కెమెరా వంక చూసి ‘పో అవతలికి, పనుంది’ అంది. అంతే, మూడు సెకన్లు. నేను పుట్టకముందు అట్లా ఉండేదన్నమాట!” బారీ ముఖం తుడుచుకొన్నాడు. “బాగుంది.”

“బాగుంది అంటే?” అన్నారు పెన్‌రోజ్ గారు. గొంతు ఆయన అనుకొన్నంత కఠినంగా రాలేదు. “ఏ ప్రాతిపదికన?”

“బాగుందంటే బాగుందండీ.”

మరుసటి శనివారం క్రమశిక్షణా సంఘం బారీ వుకిచ్‌ను సమాజంనుంచి బహిష్కరించింది. చిత్రాన్ని చివరిదాకా చూసికూడా దానిపై అభిప్రాయం లేకపోవడం అతనిపై మోపిన అభియోగం. సంజాయిషీ ఇచ్చుకొనడానికి అతడు హాజరు కాలేదు. ఆ సమయానికి పక్క హాలులో మెర్ల్ చిత్రం రెండవ ఆట నడుస్తున్నది.

ఈ నిర్ణయం తరువాత సమాజ ప్రతిష్ఠ ఇనుమడించి, సభ్యత్వానికి దేశవిదేశాలనుంచి దరఖాస్తులు వస్తున్నాయి. అర్హతలు కఠినమైనవే గాని, పెన్‌రోజ్ గారు ఒక సడలింపు ప్రకటించారు. ఈ కథ పేరు చూసి, నేరుగా ఈ చివరి పేరా దగ్గరకు వచ్చి, రేపు నలుగురిలో దీని బాగోగులు వివరించబోతున్న పాఠక మహాశయులను ఎట్టి పరీక్షా లేకుండా చేర్చుకొంటారు. మొదటినుంచి చదివినవారి దరఖాస్తులు పరిశీలింపబడవు.