మాట్లాడని పిల్లకు పతకం

లోకంలో ఎన్ని శాస్త్రాలు పుట్టినా, పిల్లల మనసు తెలుసుకోవడానికి బడి క్రమశిక్షణ సంఘాన్ని మించిన సాధనం ఇంతవరకు పుట్టలేదు. ఆ సంఘం నిబంధనల ప్రకారం వాగే పిల్ల శని, వాగని పిల్ల మణి.

ఈ లెక్కన, నిన్నమొన్నటిదాకా గలగలలాడిన పదో తరగతి పిల్ల ఒకతి కొద్ది నెలల్లోనే మణి అయి కూర్చుంది. స్నేహితురాళ్లను వదిలేసింది (గుంపులు కట్టదు, భేష్). ఆటలకు పోదు (యూనిఫాం మాయదు). రాత్రుళ్లు నిద్రపోదు (పట్టుదల). మార్కులు మాత్రం అడుగంటాయి. అది పరీక్షల విభాగం వ్యవహారం, అందులో సంఘం తలదూర్చదు.

బట్టలు కుట్టి బతికే తల్లికి మాత్రం ఈ మణిని చూస్తుంటే భయమేసేది. పిల్ల స్కర్టు నడుము ఇప్పటికే రెండుసార్లు బిగించింది. ఎదురింటివాళ్లు తన ఆలోచనలు వింటున్నారని పిల్ల కిటికీ నిండా కాగితాలు అంటించుకుంది. డాక్టరుకు చూపించాలి, సెలవు ఇమ్మని తల్లి ప్రిన్సిపాల్ గదికి వచ్చింది. పిల్ల బయట బెంచీ మీద కూర్చుంది.

"సార్, ఎవరూ లేకుండానే దానికి మాటలు వినిపిస్తున్నాయి."

"చెబితే వినే పిల్లలే కరువైపోయారమ్మా ఈ రోజుల్లో. మీ అమ్మాయి చెప్పకపోయినా వింటోంది. ఇంకేం కావాలి?"

"తనలో తనే నవ్వుకుంటోంది సార్!"

"పక్కవాళ్లని నవ్విస్తే తప్పు. సొంతానికి నవ్వుకోవచ్చు." (ఈ సడలింపు కోసం సంఘం మూడేళ్లు చర్చించింది.) "అయినా ఎల్లుండే మౌన పతకం ఇస్తున్నాం. ఆదర్శ విద్యార్థినే సెలవు పెడితే ఎలాగమ్మా? అటు చూడండి, పాత విజేతలు!"

తల్లి గోడ మీది ఫొటోలవైపు చూసింది. రెండో వరుసలో, మెడలో పతకంతో, ఎటో చూస్తున్న కుర్రాడు.

"వాడు నా తమ్ముడు సార్. వాడికీ ఇలాగే మొదలైంది. బుద్ధిమంతుడని మేమంతా మురిసిపోతూ కూర్చున్నాం. కాస్త ముందు తీసుకురావాల్సింది అన్నాడు డాక్టరు. ఇప్పటికీ తేరుకోలేదు."

ప్రిన్సిపాల్ ముఖం చేటంత అయింది. "అదీ సంగతి! మీ రక్తంలోనే ఉందన్నమాట!"

"అవును సార్. నా భయం కూడా అదే."

ఆమె బయటికొచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "లే తల్లీ, డాక్టరు దగ్గరికి పోదాం."

"వాళ్లు వద్దంటున్నారమ్మా."

వరండాలో పిట్ట కూడా లేదు. తల్లి ఆ చెయ్యి వదల్లేదు. "అననీలే. నేను నీ పక్కనే ఉంటాగా."

ఇద్దరూ అనుమతి లేకుండానే గేటు దాటారు. సంఘం అప్పటికప్పుడు సమావేశమై పతకం రద్దు చేసింది. పిల్ల చెడిపోవడం మొదలైందంటే చాలు, తొలి లక్షణాలు పసిగట్టడంలో ఆ సంఘానిది డేగకన్ను.